బరువు తగ్గలేదు, ఎముకే లొంగింది: ఒక ప్రొఫెషనల్ మిడ్‌ఫీల్డర్ కేసు

క్రీడాకారిణి వయసు 24, బరువు 61 కిలోలు. టాప్ డివిజన్ మహిళా క్లబ్బులో సెంట్రల్ మిడ్‌ఫీల్డర్. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా, ఒకే దారిలో నడిచిన కేసుల వివరాలను కలిపి ఒక్క ఫైలుగా రాశాం. క్లబ్బుల్లో పనిచేసే ఫిజియోలు, ఫిట్‌నెస్ కోచ్‌లు, న్యూట్రిషనిస్టుల కోసం ఇది. స్ట్రెస్ ఇంజురీని (పదేపదే పడే భారానికి ఎముకకు అయ్యే గాయం) కాలికి వచ్చిన గాయంగా మాత్రమే చూస్తే ఏం జారిపోతుందో చూపించడమే దీని ఉద్దేశం.

నొప్పి వచ్చిన తీరు

ఎడమ ముంగాలి లోపలి అంచున, చీలమండకు పైభాగంలో నొప్పి. మొదట్లో ట్రైనింగ్ ఆరంభంలో పది నిమిషాలు ఉండి, ఒళ్లు వేడెక్కాక పోయేది. మూడు వారాలు గడిచేసరికి సెషన్ అంతా ఉండసాగింది. ఆ తర్వాత మెట్లు దిగేటప్పుడు, చివరికి రాత్రి పడుకున్నాక కూడా మొదలైంది. ఈ వరుసను ఫైల్లో తేదీలతో రాసి పెట్టుకోవాలి. షిన్ స్ప్లింట్స్ (పరుగు భారంతో ముంగాలి లోపలి అంచున వచ్చే నొప్పి) అయితే వేలితో నొక్కినప్పుడు ఎముక అంచు వెంబడి కనీసం 5 సెంటీమీటర్ల పొడవునా నొప్పి ఉంటుంది. ఇక్కడ ఒక్క వేలికొన ఆనే చోటే కలుక్కుమంది. ఒకే చోట నొప్పి, దానికి తోడు రాత్రి నొప్పి ఉంటే ఎంఆర్ఐని వాయిదా వేయకూడదు.

ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. తొలి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రే మామూలుగా ఉండటం పరిపాటే. దాన్ని చూపించి "ఏమీ లేదు, ఆడు" అనడం ఈ గాయంలో తరచూ జరిగే పొరపాటు. ఎంఆర్ఐలో టీ1, టీ2 అనే రెండు రకాల చిత్రాల్లోనూ ఎముక మజ్జలో వాపు ఉంది, పగులు గీత మాత్రం లేదు. ఈ గాయాల తీవ్రతను చెప్పే ఫ్రెడరిక్సన్ కొలమానంలో అది గ్రేడ్ 3. టిబియా (ముంగాలి ఎముక) లోపలి వెనుక అంచు కాబట్టి తక్కువ రిస్కు చోటే. అదే ముందు అంచున గానీ, పాదం మధ్యలోని నావిక్యులర్ ఎముకలో గానీ, చిటికెన వేలి వైపు ఉండే ఐదో మెటటార్సల్ (పాదంలోని పొడవాటి ఎముక) మొదట్లో గానీ, తొడ ఎముక మెడలో గానీ వచ్చి ఉంటే ఈ కేసు వేరుగా నడిచేది.

పాత ఫైలు తిరగేస్తే 20 నెలల కిందట కుడి పాదం మూడో మెటటార్సల్‌లో ఇలాంటిదే ఒకటి ఉంది. పాదాన్ని కదలనివ్వని రక్షణ బూట్ వేశారు, విశ్రాంతి ఇచ్చారు, ఎనిమిది వారాలకు మైదానంలోకి పంపారు. ఎముక అతుక్కుంది, ఫైలు మూశారు. ఎందుకొచ్చిందన్న ప్రశ్న ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. రెండేళ్లలోపు రెండో స్ట్రెస్ ఇంజురీ వచ్చిందంటే శిక్షణ భారం ఒక్కటే కారణమని సరిపెట్టుకోవడం కుదరదు. శరీరానికి అందుతున్న శక్తిని లెక్కించాల్సిందే.

బరువు పట్టిక ఎందుకు నమ్మించింది

క్లబ్బు వారానికోసారి బరువు తూచేది. సీజన్ మొత్తంలో అంకె 60.4కు కిందికి గానీ, 61.3కు పైకి గానీ పోలేదు. అందుకే తిండి సరిపోవడం లేదన్న అనుమానం ఎవరికీ రాలేదు. శక్తి చాలకపోతే శరీరం ముందు ఖర్చు తగ్గించుకుంటుంది. టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ దిగుతుంది, విశ్రాంతిలో కాల్చే క్యాలరీలు తగ్గుతాయి, పునరుత్పత్తి హార్మోన్లు, ఎముక నిర్మాణం వెనకబడతాయి. రాబడికి సరిపోయేలా ఖర్చు కుదించుకున్న ఇంటి లెక్కలాగా బరువు నిలకడగా కనిపిస్తుంది.

దీన్ని అంకెల్లో పట్టుకోవచ్చు. ఒంట్లో కొవ్వును, ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో కొవ్వు 20 శాతం వచ్చింది, అంటే కొవ్వు తీసేయగా మిగిలిన బరువు 48.8 కిలోలు. కన్నింగ్‌హామ్ సూత్రం ప్రకారం విశ్రాంతి ఖర్చు 500 + 22 × 48.8, అంటే రోజుకు దాదాపు 1,574 కిలోక్యాలరీలు ఉండాలి. పొద్దున్నే పరగడుపున, ముందురోజు భారీ ట్రైనింగ్ లేకుండా కొలిస్తే 1,370 వచ్చింది. నిష్పత్తి 0.87. సాధారణంగా 0.90 కంటే తగ్గితే అనుమానించాలి. ముందురోజు మ్యాచ్ ఆడినవారిని కొలిస్తే అంకె పెరిగి, లోటు దాక్కుంటుంది.

నెలసరి గురించి అడగాల్సిన తీరు

సీజన్ ముందు నింపిన ఫారంలో "పీరియడ్స్ సక్రమమా?" అన్న ప్రశ్నకు "అవును" అని టిక్ ఉంది. అది అబద్ధమేమీ కాదు. ఆమె మూడేళ్లకు పైగా కంబైన్డ్ (రెండు హార్మోన్లు కలిసిన) గర్భనిరోధక మాత్ర వాడుతోంది. మాత్ర ఆపిన వారంలో వచ్చే రక్తస్రావం హార్మోన్ తగ్గడం వల్ల వచ్చేదే తప్ప అండం విడుదలైన చక్రం కాదు. శక్తి లోటుకు స్పష్టంగా కనిపించే హెచ్చరిక నెలసరి ఆగిపోవడం. మాత్ర వాడేవారిలో ఆ హెచ్చరిక కనిపించదు. ఫారంలో ప్రశ్న ఇలా మారాలి: హార్మోన్ పద్ధతి ఏదైనా వాడుతున్నారా? మొదలుపెట్టక ముందు ఏడాదికి ఎన్నిసార్లు వచ్చేది? ఎందుకు మొదలుపెట్టారు? మూడో ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబులోనే అసలు సంగతి ఉంది. 20 ఏళ్ల వయసులో ఐదు నెలలు రాకపోతే "సరిచేయడానికి" మాత్ర ఇచ్చారు. శక్తి లోటు వల్ల ఆగిన నెలసరికి కంబైన్డ్ మాత్ర ఎముకను కాపాడదు. పైగా లోటును కప్పిపుచ్చుతుంది.

ఈ సంభాషణ ఎవరి ముందు జరుగుతుందన్నది కూడా ముఖ్యమే. నెలసరి ఆగిందని చెబితే గర్భ పరీక్ష చేస్తారు, ఫలితం క్లబ్బుకు తెలుస్తుంది, కాంట్రాక్టు పోతుందన్న భయం చాలామందిలో ఉంటుంది. ఫిఫా నిబంధనల ప్రకారం 2021 జనవరి 1 నుంచి గర్భం కారణంగా కాంట్రాక్టు రద్దు చేయడం చెల్లదు. కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, ఆ కాలానికి జీతంలో మూడింట రెండు వంతులు హక్కుగా ఉన్నాయి. 2024 జూన్ 1 నుంచి నెలసరికి సంబంధించిన ఆరోగ్య కారణాలతో గైర్హాజరైనా పూర్తి జీతం ఇవ్వాలి. డాక్టర్ గదిలో ఈ విషయాలు ముందు చెప్పి, ఆ తర్వాతే ప్రశ్నలు అడిగితే జవాబులు నిజాయతీగా వస్తాయి.

ఏడు రోజుల లెక్క

శక్తి లభ్యత అంటే తిన్న క్యాలరీల్లోంచి వ్యాయామానికి ఖర్చయినవి తీసేసి, మిగిలినదాన్ని కొవ్వు లేని బరువుతో భాగించగా వచ్చేది. కిలోకు రోజుకు 45 ఉంటే శరీరానికి సరిపోతుంది. 30 కంటే దిగితే కొద్ది రోజుల్లోనే అండం విడుదలను నడిపే ఎల్‌హెచ్ హార్మోన్ స్పందనలు చెదురుతాయని ప్రయోగశాల పరిశోధనలు చూపించాయి. అయితే 30 అన్నది అందరికీ ఒకేలా వర్తించే గీత కాదని, మనిషిని బట్టి మారుతుందని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2023 ప్రకటన స్పష్టం చేసింది.

వ్యాయామపు ఖర్చు దగ్గర ఒక తప్పు మళ్లీ మళ్లీ జరుగుతుంది. హార్ట్‌రేట్ వాచీ చూపే అంకెలో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే క్యాలరీలు కూడా కలిసి ఉంటాయి. గంటకు దాదాపు 60 చొప్పున వాటిని తీసేయాలి. లేకపోతే లోటు ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. జీపీఎస్ వెస్ట్ జిమ్‌లో చేసిన పనిని దాదాపు లెక్కలోకే తీసుకోదు కాబట్టి అక్కడ లోటు చిన్నదిగా కనిపిస్తుంది. ఆహారం విషయంలో రాసుకోమనడంతో పాటు ప్రతి ప్లేటుకూ ఫోటో తీయించాం. తక్కువ రాసుకోవడం సహజం, కాబట్టి ఇవి కచ్చితమైన అంకెలని ఎవరూ అనుకోకూడదు.

మ్యాచ్ రోజు 1,950 తింది, 850 ఖర్చయింది, శక్తి లభ్యత 22.5. పిచ్ మీద సెషన్, జిమ్ రెండూ ఉన్న రోజు 2,050 తింది, 720 ఖర్చు, 27.3. మధ్యస్థ భారం ఉన్న రోజు అంతే తింది, 450 ఖర్చు, 32.8. సెలవు రోజు 2,000 తింది, 41. వారానికి ఒక మ్యాచ్, రెండు భారీ రోజులు, రెండు మధ్యస్థ రోజులు, రెండు సెలవులు లెక్కవేస్తే సగటు 32. సగటు మాత్రమే చూసేవారు "గీత దాటింది కదా" అని వదిలేస్తారు. శరీరంపై ఎక్కువ భారం పడిన మూడు రోజులే అడుగున ఉన్నాయన్నది సగటులో కనిపించదు.

ఇంకో విషయం: ఏ రోజు పని ఎంతైనా ఆమె తిండి 1,950 నుంచి 2,050 మధ్యే ఉంది. ఆకలి ఖర్చును అనుసరించలేదు. కఠినమైన వ్యాయామం తర్వాత ఆకలి మందగించడం మామూలే కాబట్టి "ఆకలేస్తే తింటుందిలే" అనుకోవడం ఈ ఆటలో పనికిరాదు.

పరీక్షలు

ముందు వేరే కారణాలు తోసిపుచ్చాలి. గర్భ పరీక్ష నెగటివ్, నెలసరిని చెదరగొట్టగల హార్మోన్లు టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ మామూలు, సీలియాక్ వ్యాధికి (గోధుమలోని గ్లూటెన్ పడకపోవడం) చేసిన టీటీజీ రక్త పరీక్ష నెగటివ్. ఫ్రీ టీ3 ల్యాబ్ ఇచ్చిన కింది హద్దుకు దిగువన ఉంది. ఐరన్ నిల్వను చూపే ఫెర్రిటిన్ 17, విటమిన్ డి 19, రెండూ మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో. పునరుత్పత్తి హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రడయాల్ చేయించలేదు. మాత్ర వాడుతుండగా అవి అణగే ఉంటాయి, చేయించినా అర్థం తీయలేం.

డెక్సాలో నడుము వెన్నుపూసల జెడ్ స్కోరు (అదే వయసువారి సగటు ఎముక సాంద్రతతో పోలిక) మైనస్ 1.3. సాధారణ జనాభాలో దీన్ని ప్రమాదంగా చూడరు. కానీ పరుగెత్తడం, దూకడం ఉన్న ఆటల్లో ఎముక సాంద్రత మామూలువారికంటే ఎక్కువ ఉండాలి, కాబట్టి ఫుట్‌బాలర్‌లో మైనస్ 1 దగ్గరే ఆగి ఆలోచించాలి.

శక్తి లోటు రిస్కును అంచనా వేసే లీఫ్-క్యూ ప్రశ్నావళిలో 11 వచ్చింది. 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే రిస్కు. అది ఎండ్యూరెన్స్ క్రీడాకారిణులు, నర్తకుల కోసం తయారైన సాధనం. ఫుట్‌బాల్‌లో గాయాల ప్రశ్నలకే మార్కులు పెరిగిపోతాయి. దాన్ని జల్లెడగా వాడొచ్చు, దాని మీదే నిర్ధారణకు రాకూడదు. తిండి అలవాట్ల రుగ్మతను పసిగట్టే ఈడీఈ-క్యూ ప్రశ్నావళిలో స్కోరు తక్కువే. తక్కువ టీ3, జెడ్ స్కోరు, రెండేళ్లలో రెండు ఎముక గాయాలు: ఒలింపిక్ కమిటీ 2023 అంచనా సాధనం క్యాట్2లో రిస్కును చూపే నాలుగు రంగుల్లో (ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా) ఈ కేసు ఎరుపుకు ఒక మెట్టు కిందున్న నారింజలో పడింది. నిర్ధారణ రెడ్-ఎస్, అంటే ఆటలో సాపేక్ష శక్తి లోటు.

లోటు ఎక్కడ పుట్టింది

ఆమె డైటింగ్ చేయడం లేదు, లావవుతానన్న భయమూ లేదు. లోటు క్లబ్బు టైంటేబుల్‌లో ఉంది.

భారీ రోజు ఇలా నడిచేది. 8:15కి తేలికైన అల్పాహారం, ఎందుకంటే కడుపు బరువుగా ఉంటే పరుగు రాదు. 10 నుంచి 11:40 దాకా పిచ్. 12 నుంచి 12:45 దాకా జిమ్. క్యాంటీన్ ముందు పురుషుల జట్టుకు వడ్డించేది, వీళ్ల వంతు 1:20కి. పొద్దున నుంచి అప్పటిదాకా ఒంట్లోకి చేరింది 380 క్యాలరీలు, ఖర్చయింది 720. ఆ తర్వాత ప్లేటులో సగం సలాడ్. పీచు ఎక్కువ, శక్తి తక్కువ ఉన్న తిండి కడుపు నింపుతుంది, లెక్క పూడ్చదు.

రాత్రి మ్యాచ్‌లప్పుడు ఇంకా దారుణం. ఆట 7:30కి. ముందు భోజనం 3:30కి, టెన్షన్‌తో సగమే తినేది. మ్యాచ్ అయ్యాక ఐస్, చికిత్స, మీడియా అన్నీ ముగిసేసరికి 10:40. బస్సులో ఇచ్చే బాక్సులో ఉన్నది 420 క్యాలరీలు. మర్నాడు పొద్దున దాకా అంతే.

జిమ్ గోడ మీద నెలనెలా అందరి స్కిన్‌ఫోల్డ్ (కొవ్వు అంచనాకు కొలిచే చర్మపు మడత మందం) అంకెలు పేర్లతో అంటించేవారు. తనను అది బాధించలేదని ఆమె చెప్పింది. అయినా తీసేయించాం. ఆ కాగితం వల్ల క్లబ్బుకు ఒనగూరింది ఏమీ లేదు.

తిండి మార్పు

శక్తి లభ్యత లక్ష్యం 45. కొవ్వు లేని బరువుతో గుణిస్తే 2,196, దానికి ఆ రోజు ఖర్చు కలపాలి. భారీ రోజుకు సుమారు 2,900, మ్యాచ్ రోజుకు 3,050, మధ్యస్థ రోజుకు 2,650. భారీ రోజున 850 పెంచాలి. ఒకేసారి పెంచితే కడుపుబ్బరం వచ్చి మూడో రోజుకే మానేస్తారు. రోజువారీ తిండిని వారానికి 280 చొప్పున మూడు వారాల్లో పెంచాం.

గాయంతో కూర్చున్న తొలి వారాల్లో తిండి తగ్గించాలని అందరికీ అనిపిస్తుంది, ఆడటం లేదు కదా అని. ఎముక అతుక్కోవడానికి శక్తి కావాలి. పైగా పాత లోటు పూడాలి. పునరావాసంలో రోజుకు 250 ఖర్చవుతున్నప్పుడు 2,450 దగ్గర నిలిపాం.

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది పిచ్‌కూ జిమ్‌కూ మధ్యనున్న ఇరవై నిమిషాలు. అర లీటరు చాక్లెట్ పాలు, ఒక అరటిపండు: దాదాపు 450 క్యాలరీలు, నమలాల్సింది పెద్దగా లేదు, జిమ్‌లో ఇబ్బంది పెట్టలేదు. మ్యాచ్ తర్వాత డ్రెస్సింగ్ రూం అరలోనే 60 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉన్న పానీయం, 25 గ్రాముల ప్రోటీన్. ఆ తర్వాత నాలుగు గంటల పాటు కిలోకు గంటకు ఒక గ్రాము, అంటే 61 గ్రాముల చొప్పున. వేడి భోజనం బస్సెక్కక ముందే పెట్టాలి, బస్సులో నిద్రపోతారు. మ్యాచ్ ముందురోజు కిలోకు 6 నుంచి 8 గ్రాములు, అంటే 366 నుంచి 488 గ్రాములు. ప్రోటీన్ రోజుకు 100 నుంచి 130 గ్రాములు, నాలుగైదు పూటలుగా.

ఐరన్ 60 మిల్లీగ్రాములు రోజు విడిచి రోజు, పొద్దున్నే. వ్యాయామం తర్వాత మూడు నుంచి ఆరు గంటల మధ్య హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి ఐరన్ ఒంటబట్టకుండా చేస్తుంది, కాబట్టి మధ్యాహ్నం వేసుకుంటే చాలావరకు వృథా. కాల్షియంతో, కాఫీ టీలతో కలపకూడదు. విటమిన్ డి లోటును డాక్టర్ సూచించిన మోతాదుతో భర్తీ చేశారు. గైనకాలజిస్టుతో మాట్లాడాక ఆమె మాత్ర ఆపి, హార్మోన్ లేని పద్ధతికి మారింది. ఆ నిర్ణయం ఆమెదే. మాకు దక్కింది నెలసరి రూపంలో తిరిగి చదవగలిగే ఒక సూచిక.

భారం తిరిగి ఎక్కించడం

నడకలో నొప్పి ఉన్నంతకాలం, అంటే పది రోజులు, బూట్, ఊతకర్రలు. సైకిల్, ఈత, పైభాగం వ్యాయామాలు ఆగలేదు. వరుసగా ఏడు రోజులు నొప్పి లేని నడక, నొక్కితే నొప్పి లేకపోవడం: ఈ రెండూ కుదిరాకే కాలి మీద పడే ఒంటి బరువును తగ్గించే ట్రెడ్‌మిల్. స్నాయువు గాయాల్లో "పదిలో రెండు దాకా నొప్పి ఫర్వాలేదు" అనే సూత్రం ఎముకకు పనికిరాదు. ఇక్కడ సున్నా కావాలి, మర్నాడు పొద్దున కూడా సున్నా కావాలి.

పరుగు మొదట ఒక నిమిషం, నడక ఒక నిమిషం, పదిసార్లు, రోజు విడిచి రోజు. ముందు నిడివి పెంచి ఆ తర్వాతే వేగం పెంచాలి. గెంతులు 20 చొప్పున రెండు సెట్లు, ఆరేడు గంటల ఎడంతో రోజుకు రెండుసార్లు. కొన్ని పదుల దెబ్బలు తగిలాక ఎముక కణాలు స్పందించడం మానేస్తాయి. గంటల విరామం ఇస్తే ఆ సున్నితత్వం తిరిగొస్తుంది. ఒకేసారి 200 గెంతులు వేయిస్తే అలసట తప్ప లాభం లేదు. కూర్చుని మడమలు ఎత్తే సోలియస్ (పిక్క లోపలి కండరం) రెయిజ్‌లో శరీర బరువుకు ఒకటిన్నర రెట్లు ఎత్తేదాకా బలం పెంచాం, ఎందుకంటే టిబియా వంగకుండా ఆపేవాటిలో ఆ కండరం ముఖ్యమైనది.

ఏడో వారంలో వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. ట్రెడ్‌మిల్ నుంచి కృత్రిమ టర్ఫ్‌కు మారిన వారంలోనే వేగం కూడా పెంచారు. అదే వారం జట్టుతో రెండు రాత్రుల ప్రయాణం, మళ్లీ బాక్సు భోజనాలు. మర్నాడు పొద్దున నొక్కితే స్వల్పంగా నొప్పి. రాత్రి నొప్పి లేదు కాబట్టి ఎంఆర్ఐ మళ్లీ తీయకుండా ఒక మెట్టు దించి ఎనిమిది రోజులు ఉంచాం. మూడు మార్పుల్లో దోషి ఏదో విడదీయడం అసాధ్యం. అప్పటినుంచి నిడివి, వేగం, నేల, బూట్లు అన్న నాలుగింటిలో వారానికి ఒక్కటే మార్చాలన్న నియమాన్ని ఫిట్‌నెస్ కోచ్ షీట్‌లోనే తాళం వేసినట్టు పెట్టాం.

జీపీఎస్ సెట్టింగ్ కూడా అప్పుడే బయటపడింది. సాఫ్ట్‌వేర్‌లో వేగపు పరుగు, స్ప్రింట్ మొదలయ్యేవిగా లెక్కించే పురుషుల హద్దులు, గంటకు 19.8, 25.2 కిలోమీటర్లు, అలాగే ఉన్నాయి. ఫిఫా 2019 మహిళల ప్రపంచకప్ విశ్లేషణలో వాడిన 19, 23 హద్దులు పెట్టాక ఆమె స్ప్రింట్ దూరం మునుపటి నివేదికల కంటే గణనీయంగా పెరిగింది. అప్పటిదాకా "తేలిక వారం" అనుకున్నవి అంత తేలికేమీ కావు. వేగం తగ్గించుకుంటూ ఆగడం, దిశ మార్చడం ఎముకకు పెద్ద దెబ్బలు. దూరం అంకెలో అవి కనిపించవు, విడిగా లెక్కపెట్టాలి.

ఫలితం

14వ వారంలో పూర్తి ట్రైనింగ్, 16వ వారంలో బెంచ్ నుంచి 20 నిమిషాలు, ఆ తర్వాత 45, 60. ఎనిమిదో వారానికి బరువు 1.4 కిలోలు పెరిగింది. అందులో కొంత కండరాల్లో గ్లైకోజన్‌తో పాటు నిలిచే నీరు. బరువు పెరిగితే వేగం తగ్గదా అని కోచ్ అడిగారు. 30 మీటర్ల పరుగు గాయానికి ముందు 4.62 సెకన్లు, తిరిగి వచ్చాక 4.58. పరీక్ష పొరపాటు మేరకు రెండూ సమానమే, అలాగే చెప్పాం.

12వ వారంలో టీ3 పరిధిలోకి వచ్చింది, ఫెర్రిటిన్ 38కి చేరింది. మాత్ర ఆపాక తొలి నెలసరి 23వ వారంలో, తర్వాతిది 36 రోజులకు. ఈ వివరాలు డాక్టర్‌కే పరిమితం. కోచ్ తెర మీద "అందుబాటులో ఉంది", "పరిమిత శిక్షణ" అనే రెండు మాటలే కనిపిస్తాయి. సీజన్‌లో నెలకోసారి మూడు రోజుల ఆహార ఫోటోలు తీసుకుంటున్నాం, అందులో ఒకటి తప్పనిసరిగా మ్యాచ్ రోజు. మూడు నెలలకోసారి ఫెర్రిటిన్.

డెక్సా 12 నెలలకు, అదే యంత్రం మీద, అదే టెక్నీషియన్‌తో. నడుము జెడ్ స్కోరు మైనస్ 1.2. ఆ యంత్రంలో అంత తేడా కొలత పొరపాటులోనే వస్తుంది కాబట్టి మెరుగుదల అని ఫైల్లో రాయలేదు, "మారలేదు" అని రాశాం. తర్వాతి స్కాన్ మరో ఏడాదికి.